సీటీ స్కాన్ డై ఒకసారి పడనివాళ్లు మళ్లీ స్కాన్‌కు ఎలా సిద్ధం కావాలి

“నాకు డై పడదు. ఇప్పుడు డాక్టరు మళ్లీ కాంట్రాస్ట్ సీటీ రాశారు. చేయించుకోవచ్చా?” పాఠకులు ఎక్కువగా అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. కొందరు భయంతో స్కాన్ వాయిదా వేస్తూ జబ్బు ముదరబెట్టుకుంటున్నారు. మరికొందరు పాత సంగతి చెబితే స్కాన్ చేయరేమోనని దాచిపెడుతున్నారు. రెండూ ప్రమాదమే.

చాలామంది చేయించుకోవచ్చు. అయితే “డై పడదు” అన్న ఒక్క ముక్కతో స్కానింగ్ సెంటర్ మెట్లెక్కకండి. ఏ మందు ఎక్కించారు, ఎంతసేపటికి తేడా చేసింది, ఏమేమి జరిగింది అన్న మూడు విషయాలు కాగితం మీద ఉంటే మిగతా దారి డాక్టర్లు సులువుగా చూపిస్తారు. ఆ దారి కూడా ఈమధ్య మారింది. ఇదివరకు స్టెరాయిడ్ మాత్రలు వేసి మళ్లీ అదే డై ఎక్కించేవారు. ఇప్పుడు ముందుగా డైనే మార్చమంటున్నారు.

ఇక్కడ చెప్పేది సీటీ స్కాన్‌లోనూ, గుండె యాంజియోగ్రామ్‌లోనూ వాడే అయోడిన్ కలిసిన కాంట్రాస్ట్ మందు గురించి. మందుల పేర్లు, మోతాదులు మీరు డాక్టరుతో తెలిసి మాట్లాడటానికే రాశాను. వాటిని చూసి సొంతంగా ఏదీ వేసుకోవద్దు.

కావలసినవి

- పాత స్కాన్ రిపోర్టు, బిల్లు, ఆసుపత్రిలో చేరి ఉంటే డిశ్చార్జి సమ్మరీ
- అప్పుడు ఒంటి మీద దద్దుర్లు వచ్చినప్పుడు ఫోనులో ఫొటోలు తీసి ఉంటే అవి
- ఇప్పుడు వాడుతున్న మందులన్నిటి జాబితా (బీపీ, షుగర్, ఆస్థమా, థైరాయిడ్ మందులు తప్పనిసరిగా)
- ఈమధ్య చేయించిన సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) రిపోర్టు
- కొత్త స్కాన్ ఎందుకు రాశారో తెలిపే డాక్టరు చీటీ
- తోడు వచ్చే మనిషి ఒకరు
- కనీసం నాలుగైదు రోజుల వ్యవధి. అత్యవసర స్కాన్ అయితే సంగతి వేరు, దాని గురించి ఆరో మెట్టులో ఉంది.

1. అది నిజంగా అలర్జీయేనా అని తేల్చుకోండి

డై నరంలోకి వెళ్లగానే ఒళ్లంతా వేడెక్కుతుంది. నోట్లో ఇనుము రుచి తగులుతుంది. మూత్రం పోయినట్టే అనిపిస్తుంది. కొందరికి వికారం, ఒకటి రెండు వాంతులు అవుతాయి. సూది భయంతో కళ్లు తిరిగేవాళ్లూ ఉన్నారు. ఇవేవీ అలర్జీ కావు. మందు ఒంట్లో వేగంగా పరుచుకోవడం వల్ల వచ్చే ఇబ్బందులు, నిమిషాల్లో తగ్గిపోతాయి. చెయ్యి వాచి నొప్పి పుట్టిందంటే డై నరం దాటి చర్మం కిందికి లీకై ఉండవచ్చు, అదీ అలర్జీ కాదు.

దురద, దద్దుర్లు, పెదవులో కనురెప్పలో వాయడం, వరసగా తుమ్ములు, గొంతు పట్టేయడం, గొంతు బొంగురుపోవడం, ఆయాసం, పిల్లికూతలు, బీపీ పడిపోవడం ఉంటే మాత్రం అలర్జీ తరహా రియాక్షన్‌గానే లెక్క. ఇప్పుడు వాడుతున్న డైలతో ఇలాంటివి అరుదు. వెయ్యిమందిలో సుమారు ఆరుగురికి ఏదో ఒక స్థాయిలో వస్తాయి, ప్రాణం మీదికి వచ్చేంత తీవ్రమైనవి పదివేలమందిలో సుమారు నలుగురికి. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం మిగతావాళ్ల కన్నా ఎక్కువ, అందుకే ఈ జాగ్రత్తలన్నీ.

వేడి, వాంతి తప్ప మరేమీ జరగలేదని తేలితే ఆ సంగతి డాక్టరుకు చెప్పి మీ ఫైలు మీద ఉన్న “డై అలర్జీ” అన్న మాట తీసేయించండి. అది అక్కడే ఉండిపోతే రేపు ఏ గుండెనొప్పితోనో వెళ్లినప్పుడు యాంజియోగ్రామ్ అనవసరంగా ఆలస్యం కావచ్చు.

హెచ్చరిక: రొయ్యలు, పీతలు, చేపలు పడవు కాబట్టి అయోడిన్ డై కూడా పడదనుకోవడం తప్పు. రొయ్యల అలర్జీకి కారణం వాటిలోని ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్, అయోడిన్ కాదు. పుండ్లకు రాసే పోవిడోన్ అయోడిన్ వల్ల చర్మం మండినా దానికీ సీటీ డైకీ సంబంధం లేదు. మనం రోజూ తినే ఉప్పులోనూ అయోడిన్ ఉంది. డై రియాక్షన్ వచ్చేది ఆ మందు అణువు మొత్తానికి, అందులోని అయోడిన్‌కు కాదు. కాబట్టి ఏ ఫారంలోనూ “అయోడిన్ అలర్జీ” అని రాయించుకోకండి. ఆ రెండు ముక్కలు ముందు ముందు వైద్యులను తప్పుదారి పట్టిస్తాయి.

2. ఎక్కించిన డై పేరు కనుక్కోండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. “డై” అన్నది ఒక మందు పేరు కాదు. అయోహెక్సాల్, అయోడిక్సనాల్, అయోప్రొమైడ్, అయోపమిడాల్, అయోవెర్సాల్, అయోమెప్రాల్, అయోబిట్రిడాల్ ఇలా చాలా ఉన్నాయి. మీకు పడనిది వీటిలో ఒకటి. ఏదో తెలియకపోతే ఏది మానాలో ఎవరూ చెప్పలేరు.

రిపోర్టులో “టెక్నిక్” అన్న శీర్షిక కింద చూడండి. చాలాసార్లు ఎన్ని ఎం.ఎల్. ఎక్కించారో, ఏ మందో అక్కడే రాస్తారు. లేకపోతే బిల్లులో వెతకండి. కాంట్రాస్ట్ సీసాకు విడిగా డబ్బు కట్టి ఉంటే దాని బ్రాండు పేరు దొరుకుతుంది. అదీ లేకపోతే సెంటర్‌కు ఫోన్ చేసి స్కాన్ తేదీ, రిపోర్టు నంబరు చెప్పి అడగండి. “ఆ రోజుల్లో మీ దగ్గర ఏ కాంట్రాస్ట్ వాడేవారు?” అని అడిగినా సరిపోతుంది, ఎందుకంటే చాలా సెంటర్లలో ఎక్కువగా ఒకటి రెండు బ్రాండ్లే వాడతారు.

లేబుల్ చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆమ్నిపేక్ 300, ఆమ్నిపేక్ 350 అని కనిపిస్తాయి. ఆ అంకె మిల్లీలీటరులో ఎన్ని మిల్లీగ్రాముల అయోడిన్ ఉందో చెబుతుంది, అంతే. రెండూ అయోహెక్సాలే. “పోయినసారి 350 ఇచ్చాం, ఈసారి 300 ఇస్తాం” అంటే మందు మార్చినట్టు కాదు. అందుకే బ్రాండు పేరుతో పాటు అసలు మందు పేరు కూడా రాసుకోండి.

ఎంత వెతికినా పేరు దొరకకపోతే “పేరు తెలియదు” అనే స్పష్టంగా రాయండి. ఊహించి రాయవద్దు.

3. జరిగింది జరిగినట్టు రాసుకోండి

ఒక తెల్లకాగితం మీద, డాక్టరు అర నిమిషంలో చదవగలిగేలా రాయండి. ఉదాహరణకు:

“కడుపు సీటీ స్కాన్. మందు: అయోహెక్సాల్ 350. ఎక్కించిన అయిదు నిమిషాలకు మెడ, చేతుల మీద దద్దుర్లు, దురద. ఆయాసం లేదు, గొంతు పట్టలేదు, బీపీ బాగానే ఉంది. ఒక ఇంజెక్షన్ ఇచ్చారు, గంటలో తగ్గింది. అడ్మిట్ చేయలేదు.”

ఆయాసం, బీపీ గురించి “లేదు” అని రాయడం కూడా ముఖ్యమే. డాక్టర్లు తీవ్రతను అంచనా వేసేది దాన్ని బట్టే. కొద్దిపాటి దద్దుర్లు, తుమ్ములతో ఆగిపోతే స్వల్పం. ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, కొద్దిగా పిల్లికూతలు ఉంటే మధ్యరకం. ఊపిరి అందకపోవడం, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం, అడ్రినలిన్ ఇచ్చి ఐసీయూలో ఉంచాల్సి రావడం తీవ్రం. మళ్లీ వస్తే ఎక్కువమందిలో మొదటిసారి ఏ స్థాయిలో వచ్చిందో ఆ స్థాయిలోనే వస్తుంది.

ఆస్థమా ఉంటే, ముఖ్యంగా అది అదుపులో లేకపోతే, కాగితం మీద మొదటి వరుసలోనే రాయండి. బీపీకో గుండెకో అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వాడుతున్నా రాయండి. రియాక్షన్ వచ్చినప్పుడు ఇచ్చే అడ్రినలిన్ ఆ మందులు వాడేవాళ్లలో అంత బాగా పనిచేయకపోవచ్చు. అలాగని వాటిని మీ అంతట మీరు ఆపవద్దు.

4. డై లేకుండా కుదురుతుందేమో అడగండి

ఈ ప్రశ్న అడగాల్సింది స్కానింగ్ సెంటర్ కౌంటరులో కాదు, స్కాన్ రాసిన డాక్టరును, వీలైతే రేడియాలజిస్టును. మూత్రపిండాల్లో రాళ్లు చూడటానికి డై లేని సీటీయే చాలు. ఊపిరితిత్తుల్లో గడ్డ పెరుగుతోందో లేదో చూడటానికి, తలకు దెబ్బ తగిలి రక్తస్రావం అయిందేమో చూడటానికి కూడా మామూలుగా డై అక్కరలేదు. పిత్తనాళాల్లో రాళ్లకు ఎంఆర్ఐ మిషన్ మీదే తీసే ఎంఆర్‌సీపీ ఉంది, దానికి ఏ ఇంజెక్షనూ లేదు. ఊపిరితిత్తుల నాళాల్లో రక్తం గడ్డకట్టిందన్న అనుమానానికి వీక్యూ స్కాన్ (ఊపిరితిత్తులకు గాలి, రక్తం ఎలా అందుతున్నాయో చూసేది) అనే ప్రత్యామ్నాయం ఉంది.

క్యాన్సర్ ఎంతవరకు పాకింది, లివర్‌లో గడ్డ ఎలాంటిది, రక్తనాళం ఎక్కడ మూసుకుపోయింది అన్నవి మాత్రం డై లేని సీటీలో సరిగా కనిపించవు. అలాంటప్పుడు “డై లేకుండానే తీసేయండి” అని పట్టుబట్టడం వల్ల డబ్బు, రేడియేషన్ రెండూ వృథా.

ఎంఆర్ఐలో వాడేది గడోలినియం మందు, పూర్తిగా వేరే రసాయనం. సీటీ డై పడనివాళ్లకు అది కూడా పడదని అనుకోనక్కరలేదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి.

5. డై మార్చమని అడగండి

2021లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు ‘రేడియాలజీ’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. అంతకుముందు డై రియాక్షన్ వచ్చినవాళ్లు మళ్లీ సీటీ చేయించుకున్నప్పుడు ఏమైందో చూశారు. స్టెరాయిడ్ ఇచ్చి, మళ్లీ అదే డై ఎక్కించిన స్కాన్లలో దాదాపు అయిదింట ఒకసారి రియాక్షన్ తిరగబెట్టింది. డై మార్చినప్పుడు అది నూటికి మూడుకు పడిపోయింది. మార్చిన డైతో పాటు స్టెరాయిడ్ ఇచ్చినా, ఇవ్వకపోయినా ఆ మూడు శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇలాంటి ఫలితాలు కూడాకనే 2025లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ, అక్కడి అలర్జీ, ఆస్థమా, ఇమ్యునాలజీ అకాడమీ కలిసి ఉమ్మడి సూచనలు వెలువరించాయి. స్వల్ప రియాక్షన్ వచ్చినవాళ్లకు స్టెరాయిడ్ అక్కరలేదు, వీలైతే డై మార్చండి అన్నది వాటి సారం. తీవ్రమైన రియాక్షన్ వచ్చినవాళ్లకు ముందు వేరే పరీక్ష ఆలోచించాలి. డై తప్పదనుకుంటే మందు మార్చి, స్టెరాయిడ్ రక్షణ కూడా ఇచ్చి, అత్యవసర చికిత్స వెంటనే అందే ఆసుపత్రిలోనే చేయాలి.

కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఇలా అడగండి: “నాకు పోయినసారి అయోహెక్సాల్ పడలేదు. మీ దగ్గర వేరే కాంట్రాస్ట్ ఉందా? దాని పేరేమిటి?” ఆ పేరు మీ డాక్టరుకు చెప్పి సరేననిపించుకోండి. లేదంటే ముందుగా తెప్పించగలరా అని అడగండి, అదీ కుదరకపోతే వేరే సెంటర్ చూసుకోండి. స్కాన్ టేబుల్ ఎక్కాక అడిగితే అక్కడ ఉన్నదే ఎక్కిస్తారు.

మారిస్తే చాలదు, దేనికి మారుస్తున్నారో కూడా చూడాలి. అయోహెక్సాల్ పడనివారికి అయోడిక్సనాల్ (విజిపేక్) ఇస్తామంటే ఆగి, రేడియాలజిస్టుతో మాట్లాడండి. ఆ రెండూ దగ్గరి చుట్టాలే, అణువు పక్కన అతుక్కున్న రసాయన గొలుసులు ఒకే రకానివి. వేరే దొరికే వీలుంటే అదే మేలు.

6. స్టెరాయిడ్ ఇవ్వాలనుకుంటే సమయం చూసుకోండి

డాక్టరు స్టెరాయిడ్ రాస్తే అది స్కాన్‌కు 13 గంటల ముందు, 7 గంటల ముందు, ఒక గంట ముందు మూడు విడతలుగా 50 మిల్లీగ్రాముల చొప్పున ప్రెడ్నిసోన్ ఇచ్చే పద్ధతి కావచ్చు. మీకు రాసిన మోతాదు వేరుగా ఉంటే డాక్టరు మాటే పాటించండి. స్కాన్ ఉదయం 10 గంటలకైతే మొదటి మాత్ర ముందురోజు రాత్రి 9కి, రెండోది తెల్లవారుజామున 3కి, మూడోది ఉదయం 9కి పడాలి. తెల్లవారుజాము మాత్ర చాలామంది మర్చిపోతారు. ఫోనులో అలారం పెట్టుకోండి. లేదా స్కాన్ మధ్యాహ్నానికి మార్చుకోండి, అప్పుడు నిద్ర చెడదు.

సెంటర్‌కు వెళ్లాక, స్కాన్‌కు పది నిమిషాల ముందు ఒక హైడ్రోకార్టిసోన్ (స్టెరాయిడ్) ఇంజెక్షన్ పొడిచి “ఇక భయం లేదు” అనడం మన దగ్గర తరచూ వినిపించేదే. ఆ ఇంజెక్షన్ అంత త్వరగా రక్షణ ఇవ్వదు. నరం ద్వారా ఇచ్చినా కనీసం నాలుగైదు గంటలు పడుతుంది. స్కాన్ ఆగలేని అత్యవసరమైతే డాక్టర్లు డై మార్చి, రియాక్షన్‌ను ఎదుర్కొనే ఏర్పాట్లతో ముందుకు వెళతారు. అప్పుడు మీరు చేయాల్సిందల్లా మూడో మెట్టులోని కాగితం వాళ్ల చేతిలో పెట్టడమే.

షుగర్ ఉన్నవాళ్లకు ఈ మాత్రలతో షుగర్ బాగా పెరగవచ్చు. డాక్టరుకు ముందే చెప్పండి, ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఆ రెండు రోజులూ చూసుకోండి. మెట్‌ఫార్మిన్ వాడేవారు స్కాన్‌కు ముందు దాన్ని ఆపాలా వద్దా అన్నది కిడ్నీ పనితీరును బట్టి ఉంటుంది. క్రియాటినిన్ రిపోర్టు చూపించి అడగండి.

7. తీవ్రంగా వచ్చినవాళ్లు అలర్జీ నిపుణులను కలవండి

స్వల్ప దద్దుర్లకు ఇది అవసరం పడకపోవచ్చు. ఊపిరాడని స్థితి దాకా వెళ్లినవాళ్లకు, పాత డై పేరు దొరకనివాళ్లకు, డై మార్చినా మళ్లీ వచ్చినవాళ్లకు మాత్రం తప్పనిసరి. రకరకాల కాంట్రాస్ట్ మందులతో చర్మం మీద, చర్మంలోపల పరీక్ష చేసి ఏది పడదో, ఏది పడవచ్చో చూస్తారు. రియాక్షన్ వచ్చిన నెల తరువాత, ఆరు నెలలలోపు చేయించుకుంటే ఫలితం నమ్మదగినదిగా ఉంటుంది. సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రలు పరీక్షకు కొన్ని రోజుల ముందే ఆపాలి, లేకపోతే పరీక్ష తప్పుగా “నెగెటివ్” చూపిస్తుంది.

దీన్నీ స్కానింగ్ సెంటర్లో ఇచ్చే “టెస్ట్ డోస్”నీ ఒకటిగా చూడవద్దు. స్కాన్‌కు ముందు ఒకటి రెండు ఎం.ఎల్. డై ఎక్కించి ఏమీ కాలేదు కాబట్టి మిగతాది కూడా పడుతుందనడానికి ఆధారం లేదు. టెస్ట్ డోస్ తట్టుకున్నవాళ్లకు పూర్తి మోతాదుతో తీవ్రమైన రియాక్షన్ రావచ్చు, ఆ చిన్న మోతాదుకే తీవ్రంగా రావచ్చు కూడా. టెస్ట్ డోస్ బాగానే ఉందని చెప్పి పాత రియాక్షన్ సంగతి పక్కన పెట్టనివ్వకండి.

8. స్కాన్ రోజు

నీళ్లు బాగా తాగండి. ఎన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉండాలో సెంటర్ చెప్పినట్టు చేయండి, నీళ్లు మాత్రం తాగవచ్చా అని విడిగా అడగండి. ఆస్థమా ఉంటే ఇన్‌హేలర్ జేబులో ఉండాలి. ఆ రోజు ఆయాసంగా ఉంటే స్కాన్ వాయిదా వేయమని మీరే అడగండి.

కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టేముందు “ఇదివరకు కాంట్రాస్ట్ రియాక్షన్ వచ్చిందా?” అన్న గడి ఉందేమో చూసి, అక్కడ “అవును” అని రాసి, మీ కాగితం జత చేయండి. నర్సుకు, టెక్నీషియన్‌కు నోటితో కూడా చెప్పండి. ఆపై రెండు ప్రశ్నలు అడగండి: డాక్టరు ఆవరణలో ఉన్నారా? అడ్రినలిన్, ఆక్సిజన్ స్కాన్ గదిలోనే ఉన్నాయా? రెంటికీ “ఉన్నాయి” అన్న జవాబు రాకపోతే అక్కడ డై ఎక్కించుకోవద్దు.

సిరంజిలోకి ఎక్కించేముందు సీసా మీది పేరు చూపించమనండి, వీలైతే తోడు వచ్చినవారిచేత ఫొటో తీయించండి.

డై వెళుతున్నప్పుడు ఒళ్లు వేడెక్కితే కంగారు పడకండి. గొంతులో బిగుతు, దురద, దగ్గు, ఊపిరి కష్టం మొదలైతే మాత్రం ఓర్చుకోవద్దు, వెంటనే గట్టిగా చెప్పండి. తీవ్రమైన రియాక్షన్‌కు మొదటి మందు అడ్రినలిన్, తొడ కండలోకి ఇస్తారు. ఎవిల్ (అలర్జీ ఇంజెక్షన్), హైడ్రోకార్టిసోన్ ఇచ్చి చూద్దామని అడ్రినలిన్‌ను ఆలస్యం చేయడమే ప్రమాదం.

9. స్కాన్ అయ్యాక

కనీసం అరగంట అక్కడే కూర్చోండి, ఆ అరగంటా చేతికి ఉన్న క్యాన్యులా (నరంలో పెట్టిన సన్నటి గొట్టం) తీయవద్దని అడగండి. ప్రమాదకరమైన రియాక్షన్లలో ఎక్కువభాగం మొదటి 20 నిమిషాల్లోనే వస్తాయి. బండి నడుపుకుంటూ ఒంటరిగా ఇంటికి వెళ్లవద్దు. ఇంటికి చేరాక ఆయాసమో గొంతు వాపో మొదలైతే 108కి ఫోన్ చేయండి.

మళ్లీ తీవ్రంగా రియాక్షన్ వస్తే, ప్రాణాపాయం దాటాక, రక్తంలో ట్రిప్టేజ్ పరీక్షకు నమూనా తీయగలరా అని ఇంటివాళ్లు అడగాలి. రియాక్షన్ మొదలైన ఒకటి రెండు గంటల్లో తీస్తే అది నిజమైన అలర్జీయో కాదో తేల్చడానికి బాగా పనికొస్తుంది. పోల్చి చూడటానికి ఒక రోజు గడిచాక మరో నమూనా తీస్తారు.

కొందరికి ఒక గంట మొదలు వారం లోపు ఎప్పుడైనా ఎర్రటి దద్దుర్లు, దురద రావచ్చు. దీన్ని ఆలస్యపు రియాక్షన్ అంటారు, ఎక్కువసార్లు దానంతట అదే తగ్గుతుంది. జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం పొక్కులెక్కడం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

బిడ్డకు పాలిచ్చే తల్లులు పాలు ఆపనక్కరలేదు, డై పాలలోకి వెళ్లేది చాలా తక్కువ. థైరాయిడ్‌కు రేడియో అయోడిన్ చికిత్స చేయించుకోబోయేవాళ్లు మాత్రం ఈ స్కాన్ సంగతి ఆ డాక్టరుకు ముందే చెప్పాలి, డై తరువాత కొన్ని వారాల పాటు ఆ చికిత్స సరిగా పనిచేయదు.

అన్నీ సరిగా జరిగాయో లేదో చూసుకోవడం

రిపోర్టు చేతికి రాగానే ఫిల్ముల కన్నా ముందు “టెక్నిక్” వరుస చదవండి. మీరు ఒప్పుకున్న డై పేరే అక్కడ ఉందా? లేకపోతే అక్కడే నిలబడి రాయించుకోండి. ఏ రియాక్షనూ రాకపోతే “ఈ మందు, ఈ తేదీన, స్టెరాయిడ్‌తో లేదా స్టెరాయిడ్ లేకుండా, పడింది” అని మీ కాగితం చివర చేర్చండి. పడని మందు పేరు ఎంత అవసరమో, పడిన మందు పేరు అంతే అవసరం. గుండె డాక్టరు యాంజియోగ్రామ్ అన్నా, మరో ఊళ్లో మరో సీటీ రాసినా మీరు అడగాల్సింది ఆ మందే. ఆ కాగితాన్ని ఫొటో తీసి మీ ఫోనులో ఒకటి, ఇంట్లోవాళ్ల ఫోనులో ఒకటి ఉంచండి.